చేరినవారెందరు, నిలిచినవారెందరు?

గ్రామములలో యువతీయువకులు సెల్‌ఫోను చేతబట్టి అరుగుమీద కూర్చుండిన, అది కాలక్షేపమని పెద్దలు తలచుట పరిపాటి. పెక్కుసారులు అది నిజమే. కాని ఆ ఫోనులోనే ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పు సాంకేతిక పాఠములు, వ్యవసాయ పండితుల ఉపన్యాసములు, లెక్కల నిర్వహణ, భాషలు, కంప్యూటరు విద్య మున్నగునవి కూడ లభించుచున్నవి. వానిలో పెక్కింటికి ప్రవేశపరీక్ష లేదు, వయోపరిమితి లేదు, వినుటకు రుసుము లేదు. ఇట్టి వానిని సార్వత్రిక ఆన్‌లైను కోర్సులందురు. మన దేశమున కేంద్ర ప్రభుత్వము ‘స్వయం’ అను పేర ఇట్టి కోర్సులకొక వేదికను ఏర్పరచినది. 2017 జూలై 9వ తేదీన అప్పటి రాష్ట్రపతి శ్రీ ప్రణబ్ ముఖర్జీ దానిని ప్రారంభించిరి.

ఈ కోర్సులను గూర్చి పంచాయతీ సభ్యుల ముందునకు రెండు విధములైన మాటలు వచ్చుచుండును. “ఇక కళాశాలలతో పనియేమి, ఊరిలో ఇంటర్నెట్టు పెట్టించిన చాలును” అనువారు కొందరు. “మొదటివారము చూచి మానుకొందురు, దీనికి పంచాయతీ సొమ్మేల?” అనువారు మరికొందరు. ఉభయుల మాటలలోను కొంత సత్యము కలదు. ఏది యెంతవరకు సత్యమో తెలియవలెనన్న, జనులు ఈ కోర్సులలో ఏల చేరుచున్నారో, చేరి ఏల విడుచుచున్నారో విచారింపవలెను. ఈ విషయమై గడచిన పదునైదేండ్లలో విస్తారముగా పరిశోధనలు జరిగినవి. అందు పంచాయతీలకు పనికివచ్చునంతమట్టుకు ఇచట వివరించుచున్నాము.

దూరవిద్య మనకు క్రొత్తది కాదు

బడికి పోకుండ చదువుకొనుట తెలుగువారెరుగని సంగతి కాదు. దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. ఆనాడు దానిపేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టిరి. దానికి తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. ఆయన పంచాయతీరాజ్ సంస్థలను గూర్చి పరిశోధనలు చేసిన రాజనీతి శాస్త్రవేత్త యనుట మన పాఠకులకు సంతోషము కలిగింపగలదు. ఇంటర్మీడియేటు చదువనివారు సైతము అర్హతాపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరుటకు ఆ విశ్వవిద్యాలయము వీలు కల్పించినది. పాఠ్యపుస్తకములు ఇంటికి చేరెడివి. సందేహములు తీర్చుకొనుటకు పట్టణములలో అధ్యయన కేంద్రములుండెడివి. ఈ అధ్యయన కేంద్రముల మాటను పాఠకులు మనస్సునందుంచుకొందురుగాక, మరల దాని ప్రసక్తి వచ్చును.

ఇక ఆన్‌లైను కోర్సుల సంగతి. 2008లో కెనడాదేశపు మానిటోబా విశ్వవిద్యాలయము వారి కోర్సు నొకదానిని రుసుము చెల్లించిన 25 మంది విద్యార్థులతోపాటు ఇంటర్నెట్టు ద్వారా ఎవరైనను ఉచితముగా చదువవచ్చునని ప్రకటింపగా, 2,200 మందికి పైగా చేరిరి. వేలమంది ఒక్కమారుగా చదువు ఇట్టి కోర్సునకు ఆంగ్లములో పొడియక్షరములు కూర్చి ‘మూక్’ అని పేరు పెట్టిరి. తెలుగు చెవికి అది ‘మూక’ యని వినబడుట కాకతాళీయమే గాని, అర్థమును బట్టి చూచిన ఆ పేరు అంత తప్పును కాదు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ అను నిరువురు కృత్రిమ మేధను గూర్చి చెప్పిన పాఠములకు సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి. మరుసటి సంవత్సరమున ఎం.ఐ.టి. విద్యాసంస్థ విద్యుద్వలయములను గూర్చి తన తొలి కోర్సును ప్రారంభించినది. దానిని బోధించిన అనంత్ అగర్వాల్ మన మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. అందులో దాదాపు 1,55,000 మంది చేరిరి.

పత్రికలు ఈ సంఖ్యలనే గొప్పగా ప్రకటించినవి. ఎం.ఐ.టి. కోర్సును పూర్తిచేసి ధ్రువపత్రము పొందినవారు 7,157 మంది. అనగా నూటికి ఐదుగురైనను లేరు.

అంకెలు చెప్పునది, చెప్పనిది

ఆ తరువాత బోధకులకు అనుభవము హెచ్చినది, పాఠముల నాణ్యతయు మెరుగైనది. ఐనను పూర్తిచేయువారి సంఖ్య పెరుగలేదు. ఎం.ఐ.టి., హార్వర్డు సంస్థలు 2012 మొదలు 2018 వరకు నడిపిన కోర్సులలో చేరిన 56 లక్షలమంది విషయమును పరిశీలించి ఇరువురు పరిశోధకులు 2019లో ఒక వ్యాసము ప్రకటించిరి. పేరు నమోదు చేసికొన్నవారిలో సగముమందికి పైగా ఒక్క పాఠమునైనను తెరచి చూడలేదట. 2017-18లో పూర్తిచేసినవారు నూటికి ముగ్గురు మాత్రమే. ధ్రువపత్రము కొరకు ముందుగా సొమ్ము చెల్లించినవారిలో మాత్రము ఆ ఏడాది నూటికి 46 మంది పూర్తిచేసిరి.

ఇది చదివిన సభ్యులకు “సరి, రుసుము పెట్టినచో అందరును చదువుదురు” అని తోచవచ్చును. అట్లు తలచుటకు వీలులేదు. సొమ్ము కట్టినవాడు చదువవలెనని ముందే గట్టిగా నిశ్చయించుకొన్నవాడు. సొమ్ము ఆ నిశ్చయమునకు గుర్తు. అదియే నిశ్చయమును పుట్టించినదని ఈ లెక్కలు ఋజువు చేయవు. పేదవాని ముందు రుసుము గోడ పెట్టినచో అతడు చదువుట మాట అటుంచి, లోనికే రాడు.

అట్లే నూటికి ముగ్గురన్న మాటను విని ఈ విద్యయే వ్యర్థమనుటయు తొందరపాటే. సంతకు వచ్చినవారందరు బేరమాడరు, బేరమాడినవారందరు కొనరు. గ్రంథాలయమునకు వచ్చి ఒక అధ్యాయము చదివి పోయినవానిని మనము తప్పినవాడని అనము. 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ కోర్సులలో చేరువారిని పరిశీలించి, పరీక్షలతోసహా పూర్తిచేయువారు, పరీక్షలు వ్రాయక పాఠములు మాత్రము వినువారు, నడుమ విరమించువారు, ఒకటిరెండు పాఠములు రుచిచూచి పోవువారు అని నాలుగు తెగలుగా విభజించిరి. పంపుసెట్టు మోటారు ఏల కాలిపోవుచున్నదో తెలిసికొనుటకు ఒక్క పాఠము విని, తెలిసికొని, మానుకొన్న రైతు నష్టపోయినదేమి?

కావున, చేరునపుడు వారి యుద్దేశమేమని అడిగి చూడవలెను. హార్వర్డు విశ్వవిద్యాలయము వారు తమ తొమ్మిది కోర్సులలో అట్లే అడిగిరి. ఫలితములు 2014లో వెలువడినవి. ఊరక చూచిపోదమని వచ్చినవారిలో నూటికి ఆరుగురు, పూర్తిచేయవలెనని వచ్చినవారిలో నూటికి 22 మంది ధ్రువపత్రము పొందిరి. ఉద్దేశమునకు బలము కలదని దీనివలన తెలియుచున్నది. కాని పూర్తిచేయవలెనని తలచియు చేయలేకపోయిన మిగిలిన 78 మంది సంగతియేమి? మా దృష్టిలో పంచాయతీలు ఆలోచింపవలసినది వీరిని గూర్చియే.

విలువ యనగానేమి?

మనుష్యుడు ఒక పనికి పూనుకొని నిలుచుటకు రెండు ప్రశ్నలకు అతని మనస్సులో సమాధానము దొరకవలెనని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. “ఇది నావలన అగునా?” అనునది మొదటిది. “అయినచో నాకేమి?” అనునది రెండవది. అమెరికాలో జాక్వెలిన్ ఎక్లెస్ అను పండితురాలు 1980ల నుండి ఈ రెండవ ప్రశ్నను విడదీసి చూపినది. చదువు చదివినవానికి అందు ఆసక్తి వలన కలుగు సంతోషము ఒక విలువ. పదుగురిలో తాను ఎట్టివాడనిపించుకొనగోరునో దానికి ఆ చదువు తోడ్పడుట మరియొక విలువ. ఉద్యోగమునకో వ్యాపారమునకో ఉపకరించుట ఇంకొకటి. ఈ మూటికి ఎదురుగా త్రాసులో రెండవ తట్టయందు ఆ చదువునకగు వెల యుండును.

ఈ వెలయే గ్రామములలో అసలు సంగతి. కోర్సు ఉచితము గనుక దానికి ఖర్చు లేదని పట్టణములలో కూర్చుండి పథకములు వేయువారు తలచుచుందురు. ఇంటిలో ఒక్కటే ఫోను. పగలు అది పొలమునకు పోయిన యజమాని జేబులో నుండును. రాత్రి కొడుకు చేతిలో నుండును. కూతురివంతు వచ్చుసరికి డేటా అయిపోవును, లేదా వంటయింట పని మిగిలియుండును. కూలికి పోవువానికి వారమునకు ఐదారుగంటల చదువనగా దాదాపు ఒకపూట కూలి. ఇవిగాక మరియొక వెల కలదు. నలుగురికి తెలియునట్లు చేరి, పూర్తిచేయలేకపోయిన “పెద్దచదువులు చదివితివే!” అను ఎత్తిపొడుపు మాట పడవలెను. రూపాయలలో లెక్కకురాని ఈ వెలను పల్లెలలోని యువతులు తక్కినవారికన్న హెచ్చుగా చెల్లించుచున్నారని మా అభిప్రాయము.

“నావలన అగునా?” అను ప్రశ్నకు భాష మొదటి అడ్డంకి. స్వయంలోని కోర్సులలో అధికభాగము ఆంగ్లమునందున్నవి. 2003లో ఐ.ఐ.టి.లును, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములలో కొన్నింటికి తెలుగు అనువాదములు వచ్చినవి. అవి యున్నవని తెలియకయే పెక్కుమంది మొదటి పాఠము విని భయపడి మానుచున్నారు.

ఈ సందేహమును తొలగించుటకు ఒక విచిత్రమైన ప్రయత్నము జరిగినది. వెనుకబడిన దేశములనుండి చేరినవారు సంపన్నదేశముల వారికన్న తక్కువగా పూర్తిచేయుచున్నారని గమనించి, కోర్సు ఆరంభములో వారిచేత తాము జీవితములో విలువైనవిగా నెంచువాటిని గూర్చియు, ఈ చదువు వాటికెట్లు తోడ్పడునో దానిని గూర్చియు కొద్ది వాక్యములు వ్రాయించిరి. ప్రయోగము చేసిన కోర్సులలో ఆ వ్యత్యాసము తొలగిపోయినదని 2017లో ప్రకటించిరి. ఇది విని విద్యావేత్తలు సంబరపడిరి. కాని అదే పరిశోధక వర్గము ఇట్టి ఉపాయములను రెండున్నర లక్షల విద్యార్థులపై, సుమారు 250 కోర్సులలో మరల పరీక్షించి 2020లో ఫలితములు చెప్పినపుడు, మొదట కనిపించినంత గుణము కనిపించలేదు. ఏ రోజున ఏ వేళ చదువుదురో ముందుగా వ్రాసికొన్నవారు తొలివారములలో కొంత శ్రద్ధ చూపిరి. పిమ్మట ఆ ప్రభావము సన్నగిల్లినది. మొదటిదినమున ఒక సభ జరిపి, ఉత్సాహపరచు ఉపన్యాసమిప్పించి, ఫొటోలు తీయించుకొనిన చాలునను పంచాయతీలు ఈ సంగతి గుర్తెరుగవలెను. ఆరవవారమున ఎవరు ప్రక్కన నిలుతురన్నదే ప్రశ్న.

దూబగుంట చెప్పు సంగతి

చదువరి బ్రతుకునకు తగిలిన పాఠము ఎంత దూరము పోవునో తెలిసికొనుటకు అమెరికా పోనక్కరలేదు. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినపుడు, రాత్రిబడులలో స్త్రీలు చదివిన వాచకములో సారా వలన సంసారము చితికిన ఒక ఇల్లాలి కథ యుండెను. దూబగుంట గ్రామమున స్త్రీలు ఆ కథలో తమ కథను చూచుకొనిరి. వారు కూడి ఊరిలో సారా దుకాణము లేకుండ చేసిరి. అచట మొదలైన కదలిక జిల్లా అంతటను, రాష్ట్రమంతటను వ్యాపించి, 1993లో రాష్ట్ర ప్రభుత్వము సారాను నిషేధించువరకు పోయినది. పగలెల్ల పనిచేసి అలసిన ఆ స్త్రీలు రాత్రి దీపము ముందు కూర్చుండుటకు ధ్రువపత్రము కారణము కాదు. పాఠము వారిదై యుండుటయు, ప్రక్కన పదిమంది తోడుండుటయు కారణములు.

ఆన్‌లైను కోర్సునందు ఈ రెండును కొరవడుచున్నవి. పాఠము ఎక్కడివారికొరకో తయారైనది. చదువరి ఒంటరిగా నున్నాడు. స్వయం కోర్సులో దృశ్యపాఠము, చదువుటకు వ్రాతపాఠము, స్వయముగా పరీక్షించుకొను ప్రశ్నలు, సందేహములు చర్చించు వేదిక అను నాలుగు భాగములుండును. అందు నాల్గవదానిని మన పిల్లలు ముట్టుకొనుటయే అరుదు. తెలియని వారిముందు ఆంగ్లములో ప్రశ్న వ్రాయుటకు బిడియము.

ధ్రువపత్రము పలుకునదెంత?

ఈ ప్రశ్నను తలిదండ్రులు తప్పక అడుగుదురు. నిజము చెప్పుట మంచిది. కళాశాలలో చదువుచున్నవారికి దాని విలువ స్థిరమైనది. 2016లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నిబంధనలనుబట్టి విద్యార్థులు తమ చదువులో నూటికి 20 వంతులవరకు స్వయం కోర్సుల ద్వారా పొందవచ్చును. 2021లో ఆ పరిమితిని 40కి పెంచిరి. ఐతే ఆ కళాశాలగాని విశ్వవిద్యాలయముగాని ఆ కోర్సును అంగీకరింపవలెను. చేరుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులలో ధ్రువపత్రము కావలసినవారు పట్టణములోని కేంద్రమునకు పోయి, పర్యవేక్షకుల యెదుట పరీక్ష వ్రాయవలెను. నూరు మార్కులలో 75 ఆ పరీక్షకు, 25 ఇంటివద్ద చేసి పంపు అభ్యాసములకు. కావుననే ఆ పత్రమునకు కొంత మర్యాద యున్నది.

కళాశాల విడిచి ఇంటనున్న యువకునికి ఇంత రూఢిగా చెప్పుటకు వీలులేదు. 2015లో ఒక పెద్ద సంస్థ కోర్సులు పూర్తిచేసిన 52,000 మందిని విచారించినపుడు నూటికి 72 మంది తమ వృత్తియందు మేలు కలిగినదని చెప్పిరి. ఈ సంఖ్య ప్రకటనలలో తరచు కనిపించును. ఐతే అడిగినది పూర్తిచేసినవారిని మాత్రమే. పంట ఇంటికి చేర్చిన రైతులను మాత్రమే పిలిచి ఈ ఏడు వ్యవసాయమెట్లున్నదని అడిగిన ఎట్టి సమాధానము వచ్చునో ఇదియు నట్టిదే. అంతకు రెండేండ్ల ముందు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారు జరిపిన విచారణలో భారతము, చైనా, బ్రెజిల్, రష్యా, దక్షిణాఫ్రికా దేశములలో ఈ కోర్సులు చదువువారిలో నూటికి ఇంచుమించు 80 మంది ఆయా దేశములలో అత్యంత సంపన్నులు, విద్యావంతులునైన ఆరుశాతమునకు చెందినవారని తేలినది. తలుపు అందరికి తెరచియున్నను, లోపలికి పోయినది చదువు అలవాటున్నవారే. 2013లో కాలిఫోర్నియాలోని సాన్‌హోసే విశ్వవిద్యాలయమున చదువులో వెనుకబడిన విద్యార్థులకు ఆన్‌లైనులోనే గణితము నేర్పజూచి, సగముమందికి పైగా తప్పుటచే ఆ ప్రయోగమును నిలిపివేసిరి. ఎవరికి తోడు ఎక్కువ కావలెనో వారిని ఒంటరిగా వదలిన ఫలితమది.

పంచాయతీ చేయదగిన పనులు

అధ్యయన కేంద్రముల మాట ఇప్పుడు వచ్చినది. పట్టణ కళాశాలలలో ఎన్.పి.టి.ఇ.ఎల్. వారి స్థానికశాఖలు కలవు. అందు అధ్యాపకులు మార్గదర్శకులుగా నుండి వారమువారము విద్యార్థులను కనిపెట్టుచుందురు. గ్రామమున దీనికి సాటి యేర్పాటు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పంచాయతీ భవనములోగాని గ్రంథాలయములోగాని ఒక గది, వారమునకు రెండు సాయంకాలములు, ఒక కంప్యూటరు లేక టెలివిజను చాలును. ఐదారుగురు ఒకే కోర్సులో చేరి ఒకేచోట కూర్చుండవలెను. ఊరిలోని ఉపాధ్యాయునిగాని, డిగ్రీ చదివిన యువతినిగాని వారికి తోడుగా నియమింపవలెను. ఆ తోడు పండితుడు కానక్కరలేదు. రెండువారములు రానివాని ఇంటికి పోయి “ఏమిరా, ఎందుకు రాలేదు?” అని అడుగువాడైన చాలును. డేటా కొరతయున్న ఊళ్ళలో స్వయంప్రభ టెలివిజను ఛానళ్ళను వాడుకొనవచ్చును. 2017లో 32 ఛానళ్ళతో మొదలైన ఈ యేర్పాటునకు డిష్ యాంటెనా యున్న చాలును, ఇంటర్నెట్టుతో పనిలేదు. స్త్రీలకు అనువైన వేళ యేదో పురుషులు నిర్ణయింపక, స్త్రీసభ్యులను అడిగి నిర్ణయించిన మేలు.

కోర్సును ఎన్నుకొనునపుడు ఎవరి పనికి అది తగులునో చూడవలెను. ఇచట సభ్యులు తమనే మొదట తీసికొనవచ్చును. 2020లో ప్రవేశపెట్టిన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు కంప్యూటరులో నమోదగుచున్నవి. వానిని కార్యదర్శి చెప్పిన దానిని బట్టి గాక స్వయముగా తెరచి చదువగోరు సర్పంచికి కంప్యూటరు పాఠము వెంటనే ఉపయోగపడును. మామగారో భర్తయో చదివి చెప్పినదానిపై సంతకము చేయుచున్న మహిళా సర్పంచికి దాని విలువ ఇంకను హెచ్చు. ఊరిపెద్దలు ముందు బెంచీలో కూర్చుండినచో, వెనుక కూర్చున్న పిల్లలకు “నలుగురు నవ్వుదురేమో” అను భయము కొంత తగ్గును.

లెక్కలు వ్రాయునపుడు చేరినవారి సంఖ్యతో తృప్తిపడరాదు. మూడవవారమున ఎందరున్నారు, అందు బాలికలెందరు, పరీక్షకు ఎందరు పోయిరి, మానినవారు చెప్పిన కారణమేమి అను నాలుగు సంగతులను ఒక నోటు పుస్తకములో వ్రాసి గ్రామసభ ముందుంచవలెను. కారణములు వినిన పిమ్మట తీర్మానములు వాటంతట అవే తోచును. ఫోను లేదన్న ఒక దారి, ఆంగ్లము రాదన్న ఒక దారి.

దళారుల విషయమున జాగ్రత్త అవసరము. స్వయం కోర్సులో చేరి వినుటకు రుసుము లేదు. ధ్రువపత్రపు పరీక్షకు మాత్రమే నిర్ణీతమైన రుసుము కలదు. చేర్పించుటకని, ధ్రువపత్రము ఇప్పింతుమని, దానితో ఉద్యోగము తప్పదని సొమ్ము వసూలు చేయువారు ఊరికి వచ్చినచో వారిని పంచాయతీ కార్యాలయమునకు పిలిపించి అందరియెదుట ప్రశ్నింపవలెను.

స్వయంలో ముఖ్యమైన కోర్సులు ఏటా జనవరి, జూలై మాసములలో మొదలగును. కావున డిసెంబరు, జూన్ నెలల సమావేశములలోనే ఈ విషయమును చర్చకు పెట్టుకొనవలెను. కోర్సులో పేరు నమోదగుట వేరు, పరీక్షకు పేరు నమోదగుట వేరు. రెండవదానికి గడువు వేరుగా నుండును. పాఠములన్నియు శ్రద్ధగా చదివియు ఈ గడువు తెలియక పరీక్షకు దూరమగు ప్రమాదము కలదు. ఆ తేదీని పంచాయతీ నోటీసు బోర్డుపై పెద్దయక్షరములతో వ్రాయించి, పరీక్షనాడు పట్టణమునకు పోవలసినవారికి, ముఖ్యముగా బాలికలకు, తోడునకొక పెద్దను, ఉదయపు బస్సునకు ఛార్జీలను ముందుగానే ఏర్పాటు చేసియుంచవలెను.